అప్లై చేసిన రోజు నుంచి ఆఫర్ దాకా 53 రోజులు: పర్సనాలిటీ టెస్టు, నా అనుభవం

డిసెంబరు 18న అప్లై చేస్తే ఫిబ్రవరి 9న ఆఫర్ లెటర్ వచ్చింది. ఈ 53 రోజుల్లో మనుషుల ఎదుట కూర్చున్న ఇంటర్వ్యూ 50 నిమిషాలే. మిగతా రోజులన్నీ దానికి ముందు పెట్టిన పర్సనాలిటీ అసెస్‌మెంట్, అంటే మన స్వభావం ఎలాంటిదో చూసే ఆన్‌లైన్ టెస్టు చుట్టూనే తిరిగాయి. ఎవర్నైనా అడుగుదామంటే మా ఆఫీసులో అది రాసినవాళ్లు లేరు. బయట చెప్పినవాళ్ల మాటల్లో సగం తప్పని తర్వాత తేలింది. అందుకే అన్నీ గుర్తున్నప్పుడే వరసగా రాస్తున్నాను.

ఉద్యోగం గుంటూరులో, ఒక హోమ్ లోన్ కంపెనీ బ్రాంచిలో క్రెడిట్ మేనేజర్. రీజనల్ ఆఫీసు విజయవాడ బందరు రోడ్డులో. కంపెనీ పేరు రాయను. నేను అయిదేళ్లుగా ఇంకో ఫైనాన్స్ కంపెనీలో క్రెడిట్ ఆఫీసర్‌ని. ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రాలు), లింక్ డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు), ఇంటి పన్ను రసీదులు, సిబిల్ రిపోర్టులు (అప్పుల చరిత్ర) చూసి ఫైలు పంపాలా ఆపాలా చెప్పడమే పని.

డిసెంబరు 23 మధ్యాహ్నం హెచ్‌ఆర్ నుంచి ఫోను. 12 నిమిషాలు మాట్లాడారు. ఇప్పటి జీతం, నోటీస్ పీరియడ్, టూ వీలర్ లైసెన్స్ ఉందా లేదా. చివర్లో ఆ అమ్మాయి "ఒక అసెస్‌మెంట్ లింక్ వస్తుందండీ, ప్రిపేర్ అవ్వక్కర్లేదు, పాస్ ఫెయిల్ ఏమీ ఉండవు" అంది. మొదటి మాట నిజమే. రెండోదాన్ని కొంచెం సరిచేసి చెప్పుకోవాలి. పాస్ మార్కంటూ లేదు గానీ, ఎవర్ని ఇంటర్వ్యూకి పిలవాలో తేల్చేటప్పుడు ఆ రిపోర్టు బల్ల మీదే ఉంటుంది.

లింకు డిసెంబరు 29 సాయంత్రం 4.40కి వచ్చింది. నేను చూసింది 30వ తేదీ రాత్రి పదింటికి. మెయిల్ ఉద్యోగమిచ్చే కంపెనీ పేరుతో రాలేదు, టెస్టు పెట్టే సంస్థ పేరుతో వచ్చి ప్రమోషన్స్‌లో పడింది. గడువు 72 గంటలు. అది మనం మెయిల్ తెరిచినప్పటి నుంచి కాదు, వాళ్లు పంపినప్పటి నుంచి. అంటే చూసేసరికే 30 గంటలు అయిపోయాయి. ఫోనులో అసెస్‌మెంట్ అన్న మాట వినిపించిన రోజు నుంచే స్పామ్, ప్రమోషన్స్ రెండూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకోండి.

తెలియని పేరుతో వచ్చిన లింకు కాబట్టి మర్నాడు పొద్దున మొదటిసారి ఫోనొచ్చిన నంబరుకే చేసి, ఇది మీదేనా అని అడిగి నిర్ధారించుకున్నాను. ఇదే పేరుతో డబ్బులు గుంజే మెయిళ్లు కూడా వస్తున్నాయి. టెస్టు ఖర్చు కంపెనీ పెట్టుకుంటుంది. రిజిస్ట్రేషన్ ఫీజనో, రిఫండబుల్ డిపాజిట్ అనో ఒక్క రూపాయి అడిగినా అది మోసమే.

మా పిన్ని కూతురు విజయవాడలో బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) కోచింగ్‌లో ఉంది. ఎస్‌బీఐ 2022 పీవో నోటిఫికేషన్‌లో మూడో దశలో సైకోమెట్రిక్ టెస్టు, అంటే ఇలాంటి స్వభావం చూసే టెస్టే పెట్టింది. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ కూడా 2025 పీవో నోటిఫికేషన్‌లో మెయిన్స్ తర్వాత, ఇంటర్వ్యూకి ముందు పర్సనాలిటీ టెస్టు చేర్చింది. అప్పటి నుంచి కోచింగ్ పిల్లల్లో ఏ జవాబు నొక్కాలో చెప్పే సైకోమెట్రిక్ కీ అంటూ పీడీఎఫ్‌లు తిరుగుతున్నాయి. "అక్కా, మా రూములో అందరూ ఇదే చదువుతున్నారు" అంటే రూ.499 కట్టి నేనూ కొన్నాను. 38 పేజీలు. తేల్చి చెప్తే మూడు ముక్కలు. టీమ్ అన్న మాట కనిపిస్తే 'గట్టిగా అంగీకరిస్తాను' నొక్కాలి. కోపం, భయం, ఆందోళన కనిపిస్తే 'అస్సలు అంగీకరించను' నొక్కాలి. మధ్య గడి ముట్టుకోకూడదు. ఇది ఎంత ప్రమాదకరమైన సలహానో టెస్టులో కూర్చున్నాక అర్థమైంది. ఎస్‌బీఐ సంగతే చూడండి. గ్రూప్ ఎక్సర్‌సైజుకి 20, ఇంటర్వ్యూకి 30 మార్కులు పెట్టారు గానీ సైకోమెట్రిక్‌కి విడిగా మార్కుల్లేవు. అభ్యర్థిని పూర్తిగా అర్థం చేసుకునేందుకు ఫలితాన్ని ఇంటర్వ్యూ బోర్డు ముందు పెట్టవచ్చని మాత్రమే నోటిఫికేషన్‌లో ఉంది. మార్కులే లేని పరీక్షకి కీ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పిల్లల డబ్బులు అలా పోతుంటే బాధగా ఉంది.

డిసెంబరు 31 సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను. ముందు సిస్టమ్ చెక్. మొబైల్‌లో తెరుచుకోదు. కెమెరా, మైకు ఉన్న లాప్‌టాప్ కావాలి. క్రోమ్‌లో పాప్‌అప్‌లకి అనుమతివ్వాలి, స్క్రీన్ నిండుగా పెట్టాలి. లాప్‌టాప్ ఎత్తి గది నాలుగు వైపులా తిప్పి చూపించమంటుంది. నా కుర్చీ వెనక ట్యూబ్‌లైటు ఉండటంతో ముఖం నల్లగా పడి రెండుసార్లు ఫోటో తిరస్కరించింది. బల్ల గోడవైపు జరిపి, లైటు ముఖం మీద పడేలా కూర్చుంటే తీసుకుంది. గుర్తింపు కార్డు కెమెరాకి చూపించాలి. ఆధార్ అయితే మాస్క్‌డ్ ఆధార్ చూపించండి, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. నేను డ్రైవింగ్ లైసెన్స్ చూపించాను. లామినేషన్ మెరుపుకి అక్షరాలు కనిపించక దాన్ని వంచి వంచి పట్టుకోవాల్సొచ్చింది.

ఇంకో సంగతి. వాట్సాప్ వెబ్, మెయిల్, యాంటీవైరస్ నోటిఫికేషన్లు ముందే ఆపేయండి. మూలన ఒక డబ్బా వచ్చి పోయినా, దాన్ని నొక్కితే 'మీరు టెస్టు విండో దాటి వెళ్లారు' అని హెచ్చరిక వస్తుంది. మూడు హెచ్చరికలకి టెస్టు ఆగిపోతుందని నిబంధనల్లో రాశారు.

మొదటి భాగంలో 160 వాక్యాలు. 87వ దాని దగ్గర కరెంటు పోయింది. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, వైఫై డబ్బాకి లేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ వైఫై పెట్టిన ప్లగ్గు ఆ లైనులో లేదు. ఆ సంగతి ఇల్లు తీసుకున్న మూడేళ్లలో ఎప్పుడూ గమనించలేదు. ఫోను హాట్‌స్పాట్ పెట్టి మళ్లీ లాగిన్ అయ్యేసరికి ఆరు నిమిషాలు పట్టింది. తెర మీద 'మీ సెషన్ ముగిసింది' అని ఉంది. చేతులు చల్లబడ్డాయి. సపోర్ట్ చాట్‌లో 40 నిమిషాలు ఎదురుచూస్తే టికెట్ నంబరిచ్చి, కొత్త లింకు మీ కంపెనీ హెచ్‌ఆర్ అడిగితేనే ఇస్తాం అన్నారు. హెచ్‌ఆర్ అమ్మాయికి మెయిల్ పెడితే జనవరి 5 దాకా సెలవులో ఉంటానని ఆటోమేటిక్ జవాబు.

ఆ నాలుగు రోజులూ ఒకటే గుబులు. ఉద్యోగం పోతుందేమోనని కాదు. ఆ 87 వాక్యాలకి ఏం నొక్కానో గుర్తు లేదు. మళ్లీ మొదటి నుంచి రాయమంటే, అప్పటి జవాబులకీ ఇప్పటి జవాబులకీ తేడా వస్తే అబద్ధాలకోరు అనుకుంటారేమో అని. జనవరి 5న అడిగితే, సగంలో ఆగినదాన్ని స్కోర్ చేయరని చెప్పారు. కొత్త లింకు ఉదయం 11 గంటలకి వచ్చింది, టెస్టు ఒకటో వాక్యం నుంచే మొదలైంది. మీకూ ఇలా జరిగితే కరెంటు పోయిన టైము, తెర మీది ఎర్రర్ ఫోటో, టికెట్ నంబరు మూడూ ఒకే మెయిల్‌లో పెట్టండి. నాకు రెండో లింకు ప్రశ్నలేమీ లేకుండా రావడానికి ఆ మెయిలే కారణం అన్నారు.

అదే రోజు అరండల్‌పేటలో వైఫై రౌటర్‌కి పెట్టే మినీ యూపీఎస్ రూ.1,350కి కొన్నాను. జనవరి 6 తెల్లవారి ఆరింటికి తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. 71 నిమిషాలు పట్టింది.

అసలు వాక్యాలు బయట రాయనని టెస్టుకి ముందే టిక్ పెట్టించుకున్నారు. కాబట్టి ఇక్కడ ఉదాహరణలన్నీ ఆ తరహాలో నేను అల్లినవి.

మొదటి భాగంలో ఒక్కో వాక్యానికి అయిదు గడులు, 'అస్సలు అంగీకరించను' నుంచి 'గట్టిగా అంగీకరిస్తాను' దాకా. గడియారం కనిపించదు గానీ ఒక్కో వాక్యానికి ఎంతసేపు పట్టిందో లెక్కలో ఉంటుందని నిబంధనల్లో ఉంది. చదవకుండా టకటకా నొక్కుతూ పోతే తెలిసిపోతుంది. మధ్యలో 'ఈ వరసలో రెండో గడి నొక్కండి' లాంటిది ఒకటి పెట్టారు. అది చదువుతున్నారో లేదో చూడటానికే.

20వ వాక్యంలో 'పని మొదలుపెట్టే ముందు అంతా రాసి పెట్టుకుంటాను' అని ఉంటే, 75 దగ్గర 'ఏ పనైనా అప్పటికప్పుడు చూసుకోవడమే నా పద్ధతి' అని వస్తుంది. ఒకే విషయాన్ని తిరగేసి అడగడమన్నమాట. అన్నిటికీ అంగీకరిస్తాను కొట్టుకుంటూ పోతే ఈ రెండూ కొట్టుకుంటాయి. అది కాక ఇంకో రకం ఉంది. 'నేనింతవరకు ఎవరి మీదా విసుక్కోలేదు', 'ఇచ్చిన మాట ఒక్కసారి కూడా తప్పలేదు.' ఇలాంటివాటికి గట్టిగా అంగీకరిస్తాను అని నొక్కితే, మంచిగా కనిపించాలని చూస్తున్నారని రిపోర్టులో విడిగా ఒక గీత పడుతుంది. ఆ గీత పెరిగితే మిగతా స్కోర్లన్నీ జాగ్రత్తగా చూడమని చదివేవాళ్లకి సూచన వెళ్తుంది. పీడీఎఫ్ చెప్పినట్టు చేస్తే సరిగ్గా అక్కడికే చేరతాం. నిన్ననే విసుక్కున్నాను కాబట్టి నేను రెండో గడి నొక్కాను.

ఇక ఇంగ్లిష్. మా టెస్టు ఇంగ్లిష్‌లోనే ఉంది, తెలుగు ఎంచుకునే వీలు లేదు. కష్టమైన మాటలు లేవు, చిక్కంతా చిన్న మాటల్లోనే. 'రేర్లీ', 'సెల్డమ్' (రెండింటికీ అర్థం అరుదుగా అనే) అన్నవి వాక్యాన్ని తలకిందులు చేస్తాయి. 'విమర్శ వస్తే నేను రేర్లీ బాధపడతాను' అనేదానికి 'అంగీకరించను' అంటే బాధపడతానని ఒప్పుకున్నట్టు. వేగంగా చదివితే బుర్ర బాధ అన్న మాట పట్టుకుని 'కాదు' నొక్కేస్తుంది. నేను మూడుచోట్ల అలా నొక్కి వెనక్కొచ్చి సరిచేసుకున్నాను. మొదటి భాగంలో వెనక్కి వెళ్లనిచ్చింది, తర్వాతి భాగాల్లో లేదు. తిరుగుడు వాక్యం వచ్చినప్పుడల్లా దాన్ని తెలుగులో మనసులో ఒకసారి చెప్పుకుని నొక్కితే తప్పు పోలేదు. 'విమర్శ వస్తే బాధపడేది తక్కువే. ఔనా, కాదా?' ఇలా.

భాషే కాదు, మన తీరు కూడా అడ్డొస్తుంది. 'పైఅధికారితో నా అభిప్రాయభేదాన్ని బాహాటంగా చెప్తాను' అని ఉందనుకోండి. మన ఆఫీసుల్లో సార్ మాట తప్పని మొహం మీద అనం. "సార్, ఒక్కసారి ఈ ఈసీ కూడా చూసి చెప్పండి" అంటాం. అది కాదని చెప్పడమే. అవతలివాళ్లకీ అలాగే అర్థమవుతుంది. మరి నేను బాహాటంగా చెప్పే మనిషినా, కాదా? అక్కడ చాలాసేపు ఆగాను. మాట తీరు పక్కన పెట్టి, ఫలితం చూసుకున్నాను. సార్ పంపమన్న ఫైలు నేను ఆపిన సందర్భాలు ఉన్నాయా? ఉన్నాయి. నాలుగో గడి నొక్కాను. 'ఔట్‌స్పోకెన్' అన్నా ఇదే ఇబ్బంది. మన దగ్గర ఆడపిల్లని ఆ మాటంటే నోటి దురుసు అనే అర్థంలో తీసుకుంటారు. టెస్టులో దాని అర్థం మనసులో మాట దాచుకోకపోవడం, అంతే.

రెండో భాగం నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైనది. 60 గుంపులు, ఒక్కోదాంట్లో మూడు వాక్యాలు. నాకు బాగా సరిపోయేది ఒకటి, అన్నిటికంటే తక్కువ సరిపోయేది ఒకటి ఎంచాలి. గడువుకి ముందే పని ముగిస్తాను. తోటివాళ్ల ఇబ్బంది వాళ్లు చెప్పకముందే గమనిస్తాను. నియమాన్ని ఎవరి కోసమూ సడలించను. మూడూ మంచివే, మూడూ నావే అనిపిస్తాయి. అయినా ఒకదాన్ని నాది కాదని చెప్పాలి. మంచివాళ్లుగా కనిపించే దారి మూసేయడానికే ఇలా కడతారు. ఒకటి పైకెక్కితే ఇంకొకటి దిగక తప్పదు. నియమాన్ని పైన పెట్టి తోటివాళ్లని కింద పెట్టిన ప్రతిసారీ మనసు చివుక్కుమంది. 30వ గుంపు దాటాక అలసట మొదలై అన్నీ ఒకేలా కనిపించాయి. అక్కడ లేచి నీళ్లు తాగుదామన్నా కుదరదు, కెమెరాలో ముఖం పోతే హెచ్చరిక. నీళ్ల సీసా పక్కనే పెట్టుకోండి. లేబుల్ తీసేసిన సీసా అయితే మేలు.

మూడో భాగంలో 15 సందర్భాలు. ఒక్కోదానికి నాలుగు దారులు చూపించి ఏది మేలు, ఏది చెడ్డది అని అడుగుతారు. ఫీల్డ్ ఆఫీసర్ సాయంత్రం వసూలు చేసిన డబ్బు ఆ రోజే జమ చేయలేదు. పొద్దున అడిగితే ఇంట్లో ఆసుపత్రి ఖర్చుకి వాడి మధ్యాహ్నానికి కట్టేశానన్నాడు. డబ్బు లెక్కకి సరిపోయింది. ఏం చేస్తారు? మానవత్వంతో వదిలేయడం ఒక దారి, వెంటనే సస్పెండ్ చేయమని రాయడం ఇంకొకటి. ఇలాంటివాటిలో పనిచేసినవాళ్లకి తెలిసిన జవాబే సరైనది. జరిగింది రాతపూర్వకంగా పైకి చెప్పాలి, అతని మాట కూడా అందులో రాయాలి, శిక్ష మన చేతిలోకి తీసుకోకూడదు. ఈ భాగానికి కాస్త సిద్ధమవ్వొచ్చు. మీ పనిలో ఏది మీ అధికారం, ఏది పైవాళ్లది అని ఒక కాగితం మీద రాసుకుంటే చాలు.

చివర్లో 12 నిమిషాల లెక్కలు, పట్టికలు. మామూలే.

తర్వాత 13 రోజులు నిశ్శబ్దం. మధ్యలో సంక్రాంతి. పండగకి అందరూ ఇంటికొచ్చి ఉద్యోగం ఏమైందని అడుగుతుంటే, టెస్టు బాగా రాశానో లేదో నాకే తెలియదని ఎలా చెప్పాలో అర్థం కాలేదు. బాగా రాయడం అన్నదే లేని పరీక్ష ఇది. లెక్కల పరీక్షయితే తప్పెక్కడ పోయిందో తెలుస్తుంది. ఇక్కడ నా గురించి నేనే చెప్పి, అది సరిపోలేదని ఎవరో తేలుస్తారేమోనన్న భయం. అది మార్కుల భయం కంటే లోతుగా కుదిపింది. 12వ తేదీన ఒక మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.

జనవరి 19న ఫోను. 22న విజయవాడలో వాళ్ల ఎదుట మళ్లీ 12 నిమిషాల లెక్కలు, 29న ఇంటర్వ్యూ. లెక్కలు ఇంట్లో వేరేవాళ్లు చేసి పెట్టారేమో అని చూసుకోవడానికి. పర్సనాలిటీ భాగం మళ్లీ రాయించలేదు. గుంటూరు బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆడవాళ్లకి ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం కింద జీరో టికెట్టే, కార్డు ఒరిజినల్ చూపించాలి. గంటా పదిహేను నిమిషాల్లో విజయవాడ బస్టాండు. మొదటిరోజు తొందరలో రానూపోనూ ఆటోకి రూ.240 పెట్టాను. రెండోసారి వెళ్లేటప్పుడు సిటీ బస్సు ఎక్కి, వచ్చేటప్పుడు షేర్ ఆటోలు మారితే రూ.60తో సరిపోయింది.

29న ముగ్గురు కూర్చున్నారు. రీజనల్ క్రెడిట్ హెడ్ సార్, హెచ్‌ఆర్ మేడమ్, తెర మీద ఇంకో సార్. బల్ల మీద నా రిపోర్టు నాకు తలకిందులుగా కనిపిస్తోంది. ఒక్కో వరసలో పది గడులు, ఒక్కోదాంట్లో ఒక నల్లచుక్క. చాలా చుక్కలు మధ్యలో ఉన్నాయి, ఒకటి మాత్రం బాగా ఎడమకి, మూడో గడిలో ఉంది. పక్కన ఇతరుల మీద నమ్మకం అని చదువుకోగలిగాను. పదికి మూడు. గొంతు ఎండిపోయింది.

మొత్తం తొమ్మిది ప్రశ్నల్లో ఆరు ఆ రిపోర్టులోంచే. హెడ్ సార్ మొదటిదే అడిగారు. "టీమ్‌లో ఎవరి మాటా నమ్మరా మేడమ్?" కాదు సార్, నమ్ముతాను అని మొదలుపెట్టి ఉంటే అక్కడే ఇరుక్కునేదాన్ని. జరిగినది ఒకటి చెప్పాను. మంగళగిరి వైపు ఒక ఇంటి ఫైలు. వాల్యుయేషన్ రిపోర్టు బాగానే ఉంది, ఫీల్డ్ ఆఫీసర్ చూసొచ్చానన్నాడు. లింక్ డాక్యుమెంటులో తూర్పు హద్దు రోడ్డు అని ఉంది. ఫోటోలో తూర్పున గోడ, గోడవతల వేరేవాళ్ల కొబ్బరిచెట్టు. నేనే వెళ్లి చూస్తే ఇల్లు వేరే ప్లాటులో ఉంది. ఫైలు ఆపాను.

సార్ తలూపి రెండో ప్రశ్న వేశారు. "ఆ సంగతి ఫీల్డ్ ఆఫీసర్‌కి ఎలా చెప్పారు?" అసలు ప్రశ్న ఇదేనని అప్పుడు తట్టింది. నమ్మకం తక్కువ ఉండటం క్రెడిట్ పనికి తప్పు కాదు. ఆ అనుమానంతో మనుషుల్ని ఎలా చూస్తామన్నది వాళ్లకి కావాలి. అతన్ని పక్కకి పిలిచి ఫోటో, డాక్యుమెంటు పక్కపక్కన పెట్టి చూపించానని చెప్పాను. అంతకు ఏడాది ముందు ఇంకొకరి విషయంలో అలా చేయకుండా మేనేజర్‌ని కాపీలో పెట్టి మెయిల్ కొట్టానని, ఆయన రెండు నెలలు నాతో మాట్లాడలేదని, ఆ తర్వాతే పద్ధతి మార్చుకున్నానని కూడా చెప్పాను. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. చెప్పినప్పుడే హెచ్‌ఆర్ మేడమ్ పెన్ను తీసి రాసుకున్నారు.

నియమాల వరసలో నా చుక్క తొమ్మిదిలో ఉంది. దాని మీద కూడా గట్టిగానే అడిగారు. నెలాఖరున టార్గెట్‌కి నాలుగు ఫైళ్లు కావాలి, ఒకదానికి కొత్త ఈసీ రాలేదు, కస్టమర్ పాతవాడు, ఏం చేస్తారు? ఎక్కువ స్కోరు కదా అని వదిలేయరు. రెండు చివరల్లో ఉన్న ప్రతి చుక్కకీ ఒక ప్రశ్న ఉంటుంది. కాబట్టి ఇంటర్వ్యూకి ముందు చేయాల్సిన పని ఒకటుంది. టెస్టులో మీరు ఒకటో గడి, అయిదో గడి గట్టిగా నొక్కిన విషయాలు గుర్తు చేసుకుని, ఒక్కోదానికి నిజంగా జరిగిన సంగతి ఒకటి సిద్ధం చేసుకోండి. ఎక్కడ, ఏం చేశారు, చివరికి ఏమైంది. టెస్టు అయిన రోజే ఇవి కాగితం మీద పెట్టుకుంటే మంచిది. మూడు వారాల తర్వాత గుర్తుండవు.

ఫిబ్రవరి 9 సాయంత్రం ఆఫర్ లెటర్ మెయిల్‌లో వచ్చింది. 10న రిపోర్టు కాపీ కావాలని అడిగాను. అడిగితేనే ఇస్తారు. 14 పేజీల రిపోర్టు ఇవ్వలేదు, అభ్యర్థి కోసం తయారుచేసిన రెండు పేజీలు పంపి, 12న ఫోనులో 25 నిమిషాలు ఒకావిడ ఓపిగ్గా వివరించారు. పదికి మూడు అంటే 30 మార్కులు కాదని అప్పుడు తెలిసింది. దాన్ని స్టెన్ అంటారు. సగటు అయిదున్నర, మూడింట రెండొంతుల మంది నాలుగుకీ ఏడుకీ మధ్యలో ఉంటారు. మూడు అంటే ఆ విషయంలో నాకంటే తక్కువ వచ్చినవాళ్లు నూటికి పదిమంది ప్రాంతంలో ఉంటారని. ఎవరితో పోల్చారన్నది కూడా ముఖ్యం. నన్ను మేనేజర్ స్థాయివాళ్ల గుంపుతో పోల్చారు, అందర్నీ కలిపిన గుంపుతో పోలిస్తే నాలుగో గడిలో పడేదట.

ఏ స్కోరు మంచిదని అడిగాను. ఉద్యోగాన్ని బట్టి అన్నారావిడ. అన్ని పనులకీ అక్కరకొచ్చేది పనిలో శ్రద్ధ, క్రమశిక్షణ. 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు పాత పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది కూడా అదే. కలుపుగోలుతనం సేల్స్‌కీ మేనేజర్లకీ పనికొస్తుంది. ఇదే రిపోర్టుతో సేల్స్ మేనేజర్‌కి అప్లై చేసి ఉంటే పిలిచేవాళ్లు కాదేమో అని మొహమాటం లేకుండా చెప్పారు. నాకు అది బాధనిపించలేదు. పండగంతా మోసిన భయం ఆ మాటతో దిగిపోయింది. మనిషి తీరుని నాలుగక్షరాల్లో చెప్పే ఎంబీటీఐ అనే టెస్టు గురించి కూడా అడిగాను, ఆన్‌లైన్‌లో అందరూ ఆ అక్షరాలు చెప్పుకుంటారు కదా. దాన్ని ఉద్యోగుల ఎంపికకి వాడొద్దని ప్రచురించేవాళ్లే చెప్తారట. ఎక్కడైనా ఆ నాలుగక్షరాలు చూసే తీసేస్తామంటే నిలదీసి అడగండి.

ఖర్చులు: మినీ యూపీఎస్ రూ.1,350, పీడీఎఫ్ రూ.499, ఆటోలు రూ.300, జిరాక్సులు, ఫోటోలు రూ.180, రెండు రోజుల భోజనం రూ.260. మొత్తం రూ.2,589, రెండు రోజుల సెలవు. పీడీఎఫ్ వదిలేస్తే మిగతాదంతా పనికొచ్చిన ఖర్చే. రిపోర్టు వాళ్ల దగ్గర 12 నెలలు ఉంటుందట, ఈలోగా అదే కంపెనీలో ఇంకో పోస్టుకి అప్లై చేసినా టెస్టు మళ్లీ పెట్టరు, ఈ చుక్కలే చూస్తారు. నాకు జాయినింగ్ మార్చి 16. యూపీఎస్ పిన్ని కూతురికి ఇచ్చేశాను, దాని ఐబీపీఎస్ మెయిన్స్ అయ్యాక అవసరపడొచ్చు.